దామనపల్లి ఘాటీలో డ్రిల్లు

మా వైజాగ్ కరాటే క్లాసుల్లో ఎదుటివాడు చెప్పి మరీ కొడతాడు. కింద మెత్తటి మ్యాట్, పక్కన నంబర్లు లెక్కపెట్టే మాస్టారు. అది చూసినప్పుడల్లా నాకు 1922 గుర్తొస్తుంది.

ఆ ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మొత్తం 26 తుపాకులు పట్టుకుపోయారు. వాళ్ళని వెంటాడ్డానికి వచ్చిన పోలీసులకి డ్రిల్లు వచ్చు, పరేడ్ మైదానంలో వరస తప్పరు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలోనూ వరసగానే నడిచారు. పొదల్లో మాటేసినవాళ్ళు ముందు వెళ్తున్న దేశీ పోలీసుల్ని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని మాత్రం కాల్చేశారు.

అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చింది? వేట నుంచే అనుకుంటాను. ఏజెన్సీలో ఇటుకల పండక్కి ఊరి మగాళ్ళంతా కలిసి వేటకెళ్తారు. అలికిడి చెయ్యకుండా గంటల తరబడి కూచోవాలి. అడవిపంది చెప్పి రాదు కదా!

సర్కారుకీ సంగతి బోధపడింది. మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపింది, తర్వాత కొండల్లో తిరగడం తెలిసిన అస్సాం రైఫిల్స్‌ని. 1924 మే 7న కొయ్యూరులో రాజుని కాల్చింది మాత్రం పోరులో కాదు. పట్టుకున్నాక, చెట్టుకి కట్టేసి.