మెదడు పొరల్లో పొంచిన లుకేమియా

1948 జూన్‌లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్, తన సహచరులతో కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. తీవ్ర లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే పది మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పిల్లల లుకేమియాను మందుతో లొంగదీయవచ్చని తేలిన ఆ రోజు నుంచే మరో సమస్య కూడా మొదలైంది. మందులు మెరుగయ్యేకొద్దీ జబ్బు మెదడు చుట్టూ తిరగబెట్టసాగింది. మందుల దెబ్బకు కణాలు రక్తంలోంచి పారిపోయి మెదడులో తలదాచుకున్నాయన్న కథ వినడానికి బాగుంటుంది గానీ, సాక్ష్యం చెప్పేది వేరు. ఆ కణాలు మొదటి నుంచీ అక్కడ ఉన్నాయి. మందులు చేసిందల్లా బిడ్డకు ఆయుష్షు పోయడం. ఆ ఆయుష్షే దాగివున్న జబ్బు పైకి తేలడానికి వ్యవధి ఇచ్చింది.

1950లలో మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, స్టెరాయిడ్లు వాడుకలోకి వచ్చాయి. ఎముక మూలుగ శుభ్రపడి, ఆటపాటల్లో పడ్డ బిడ్డ కొన్ని నెలలకు తలనొప్పితో, పొద్దున్నే వాంతులతో తిరిగి ఆసుపత్రికి వచ్చేది. ఒక కన్ను పక్కకు తిరగడం, ముఖం ఒకవైపు వాలడం, మెడ బిగుసుకోవడం కూడా కనిపించేవి. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి, మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే నీరు తీసి చూస్తే లుకేమియా కణాలు గుంపులుగా ఉండేవి. రక్తపరీక్ష మాత్రం బాగానే ఉండేది. 1960లు వచ్చేసరికి సగానికి పైగా పిల్లల్లో జబ్బు ఇలాగే తిరగబెడుతోంది. మందులు రాకముందు ఇంతగా లేని బెడద మందులతోనే పెరిగింది కనుక, కణాలను మెదడు వైపు నెట్టింది మందులేనని ఎవరైనా అంటే కాదనడం తేలిక కాదు. అయితే పెరుగుదలకు ఇంకో కారణం చాలు. మందులు లేని రోజుల్లో బిడ్డ కొన్ని వారాల్లోనో, నెలల్లోనో రక్తస్రావంతోనో ఇన్ఫెక్షన్‌తోనో చనిపోయేది. మెదడు పొరల్లోని కొద్దిపాటి కణాలు పెరిగి లక్షణాలు చూపేంత గడువే ఉండేది కాదు. పైగా మెథోట్రెక్సేట్ వంటి మందులు మామూలు మోతాదులో మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి చాలినంతగా చేరవు. రక్తంలో కణాలు చస్తుంటే, అక్కడివి నిశ్చింతగా పెరిగాయి.

ఈ కణాలు సరిగ్గా ఎక్కడుంటాయో చూపింది శవపరీక్షలు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో రాబర్ట్ ప్రైస్, వారెన్ జాన్సన్ లుకేమియాతో చనిపోయిన పిల్లల మెదళ్లను వరుసగా పరిశీలించి 1973లో ఫలితాలు ప్రచురించారు. మెదడును మూడు పొరలు కప్పి ఉంటాయి: పైన గట్టి వరాశిక, మధ్యలో సాలెగూడు లాంటి లౌతికళ, మెదడును అంటుకుని పలుచని మృద్వి. కణాలు ముందుగా లౌతికళ పైభాగంలోని సిరల గోడల్లో కనిపించాయి. తర్వాత ఆ పొర పోగుల్లోకి, అక్కడి నుంచి నీటిలోకి, ఆపైన మెదడులోకి దిగే రక్తనాళాల చుట్టూ పాకాయి. మృద్వి చెడిపోయాకే మెదడు కణజాలంలో అడుగుపెట్టాయి. ఈ వరుసను బట్టి చూస్తే, సూదితో తీసిన నీటిలో కణాలు లేకపోవడం జబ్బు లేదనడానికి రుజువు కాదు. పొరల్లో పాతుకున్న కణాలు ఇంకా నీటిలోకి రాకపోయి ఉండవచ్చు. జబ్బు గుర్తించే నాటికి నీటిలో కణాలు స్పష్టంగా కనిపించే పిల్లలు నూటికి దాదాపు ఐదుగురికి మించరు. ఏ జాగ్రత్తా తీసుకోని రోజుల్లో తిరగబెట్టింది సగానికి పైగా మందిలో. ఆ తేడాకు లెక్క ఇక్కడ దొరుకుతుంది.

ఈ చిత్రం పూర్తికాకముందే చికిత్స ముందడుగు వేసింది. 1962లో తెరుచుకున్న సెయింట్ జూడ్‌లో డొనాల్డ్ పింకెల్ బృందం, లక్షణాలు కనిపించే దాకా ఆగకుండా, జబ్బు అదుపులోకి రాగానే మెదడును కాపాడాలని నిశ్చయించింది. తొలి ప్రయత్నాల్లో 500, తర్వాత 1200 రాడ్ల (రాడ్ అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ సరిపోలేదు. 1967 చివర మొదలైన ఐదో అధ్యయనంలో తలకు 2400 రాడ్లు ఇచ్చి, వెన్నులోకి మెథోట్రెక్సేట్ సూదులు వేశారు. అందులో చేరింది 35 మంది పిల్లలే. వారిలో సుమారు సగం మంది దీర్ఘకాలం బతికారు. అంతవరకు ఏ చికిత్సా దరిదాపులకు రాని ఫలితమిది. కణాలు చికిత్స తర్వాతే వలస వచ్చేవైతే, తొలినాళ్లలో ఇచ్చిన చికిత్సకు ఇంత బలం ఉండే వీలు లేదు. అప్పటికే ఉన్నవి చచ్చాయి గనుకే జబ్బు తిరగబెట్టలేదు.

చికిత్స ఫలించాక కణాలు ఏ దారిన వచ్చాయో తెలిసి ప్రయోజనమేమిటని అడగవచ్చు. ఆ ఫలితానికి పిల్లలు చెల్లించిన మూల్యమే దీనికి జవాబు. లేత మెదడు మీద రేడియేషన్ వల్ల చదువులో వెనకబాటు, ఎదుగుదల లోపం, ఏళ్ల తర్వాత మెదడులో కొత్త కణితులు వచ్చాయి. మెదడు కణజాలాన్ని కాల్చకుండా పొరల్లోని కణాలను మాత్రమే చంపగలిగితే ఆ కష్టం తప్పుతుంది. 2009లో సెయింట్ జూడ్‌లోనే చింగ్-హోన్ పుయ్ బృందం 498 మంది పిల్లల్లో ఎవరికీ ముందుజాగ్రత్తగా తలకు రేడియేషన్ ఇవ్వకుండా, వెన్ను సూదులూ బలమైన మందులతోనే ఆ పని చేయవచ్చని చూపింది. కేవలం నాడీవ్యవస్థలో జబ్బు తిరగబెట్టింది నూటికి ముగ్గురి కన్నా తక్కువ మందిలో.

దారి ప్రశ్నకు 2018లో నేచర్ పత్రికలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన డొరొతీ సిప్‌కిన్స్ బృందం ఇచ్చిన సమాధానం ఆశ్చర్యకరమైనది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను ఛేదించే అవసరమే కణాలకు లేదు. పుర్రె, వెన్నుపూసల మూలుగ నుంచి పొరల మధ్యకు వెళ్లే సన్నని రక్తనాళాలున్నాయి. ఎలుకల్లో లుకేమియా కణాలు ఆ నాళాల బయటి ఉపరితలాన్ని పట్టుకుని, లామినిన్ అనే ప్రోటీన్ మీద పాకుతూ చేరాయి. పట్టు ఇచ్చే ఆల్ఫా-6 ఇంటెగ్రిన్‌ను అడ్డుకుంటే చొరబాటు తగ్గింది. ఎలుకల్లో కనబడ్డది పిల్లలకు వర్తిస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. ఇతర దారులూ ఉండవచ్చు. కానీ లుకేమియాకు మూలుగే పుట్టిల్లు, ఆ మూలుగకు పొరలు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ప్రైస్, జాన్సన్ చూసిన తొలి మజిలీ పొరల పైభాగమే కావడం ఈ కొత్త దారికి పొసగుతుంది.

మూలుగ శుభ్రపడింది, బిడ్డ ఆడుకుంటోంది, ఇంకా నడుములో సూదులెందుకని తల్లిదండ్రులు అడిగితే ఏడు దశాబ్దాల సాక్ష్యం ఒక్కటే చెబుతుంది: కంటికి కనబడని కణాల కోసం. మధ్యలో చికిత్స మానేసే కుటుంబాలు ఇంకా ఉన్న మన దేశంలో, ఈ మాటను తల్లిదండ్రులకు వాళ్ల భాషలో, తొలి సూదికి ముందే చెప్పడం చికిత్సలో భాగమే. మెథోట్రెక్సేట్ వంశంలో తొలి మందైన అమినోప్టెరిన్ మన తెలుగువాడి పర్యవేక్షణలో పుట్టిందన్న గర్వం మనకుంటే, చికిత్స చివరి సూది దాకా ప్రతి బిడ్డకూ అందేలా చూడటమే ఆ గర్వానికి తగిన పని.