మొగ్గ తొడగకముందే పడే గుర్తులు: పిండంలో క్లోమ గ్రంథి నిర్మాణం, ఎపిజెనెటిక్ నియంత్రణ

ఫలదీకరణ జరిగిన సుమారు నాలుగు వారాలకు మానవ పిండంలో, పేగుగా మారబోయే సన్నని గొట్టం మీద రెండు చిన్న మొగ్గలు పొడుచుకొస్తాయి. ఒకటి వీపు వైపు, మరొకటి పొట్ట వైపు. ఆ గొట్టం మెలి తిరిగేటప్పుడు పొట్టవైపు మొగ్గ వెనక్కి జరిగి రెండోదానితో కలిసిపోతుంది. అదే క్లోమం. తిన్న తిండిని అరిగించే రసాలూ, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులినూ ఈ గ్రంథిలోనే తయారవుతాయి.

పొట్టవైపు మొగ్గకు పక్కనే కాలేయమూ మొలకెత్తుతుంది. రెండిటికీ మూలం పిండపు లోపలి పొర అయిన ఒకే అంతఃస్తరంలోని ఇరుగుపొరుగు కణాలు. వాటి డీఎన్‌ఏ ఒక్కటే. అయినా కొన్ని కాలేయం దారి పడతాయి, కొన్ని క్లోమం దారి పడతాయి. ఈ దారులు చీలేచోట జన్యువుల మీది రసాయన గుర్తులు కీలకపాత్ర పోషిస్తాయి. గర్భంలో ఆ గుర్తులు చెదిరితే దాని ఫలితం పెద్దవయసులో మధుమేహంగా బయటపడగలదని చూపే ఆధారాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గుర్తులంటే ఏమిటి?

కణంలో డీఎన్‌ఏ విడిగా ఉండదు. కండెకు నూలు చుట్టినట్టు హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్లకు ఎసిటైల్ గుంపులు తగిలితే చుట్ట వదులై జన్యువు పని చేయడానికి వీలవుతుంది. కొన్ని చోట్ల మిథైల్ గుంపులు తగిలితే చుట్ట బిగిసి జన్యువు మూగబోతుంది. మిథైల్ గుంపులు నేరుగా డీఎన్‌ఏకే అంటుకుంటే ఆ మౌనం మరింత గట్టిపడుతుంది. కణం విభజన చెందినా ఆ గుర్తులు పిల్ల కణాలకు అందుతాయి. ఎపిజెనెటిక్స్ అనే మాటను కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో ప్రవేశపెట్టారు. అప్పటికి ఈ రసాయన వివరాలేవీ వెలుగులోకి రాలేదు.

కాలేయమా, క్లోమమా?

క్లోమానికి అత్యవసరమైన జన్యువు పీడీఎక్స్1. అది లేని ఎలుకపిల్లలు క్లోమం లేకుండానే పుడతాయని 1994లో రుజువైంది. మనిషిలోనూ అంతేనని 1997లో తేలింది. ఆ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న ఒక శిశువుకు క్లోమం ఏర్పడలేదు.

మరి ఈ జన్యువు ఎక్కడ పలకాలో, ఎక్కడ పలకకూడదో నిర్ణయించేదేది? కెన్నెత్ జారెట్ బృందం 2011లో ‘సైన్స్’ పత్రికలో దీనికి సమాధానం చెప్పింది. ఎలుక పిండంలో ఏ దారీ పట్టని అంతఃస్తర కణాలను పరిశీలిస్తే, కాలేయ జన్యువుల దగ్గర ఒక రకం గుర్తులు, క్లోమ జన్యువుల దగ్గర మరో రకం గుర్తులు అప్పటికే కనిపించాయి. అంటే మొగ్గ తొడగకముందే రంగం సిద్ధమై ఉంది. ఈజెడ్‌హెచ్2 అనే ఎంజైము మిథైల్ గుర్తులు వేసి పీడీఎక్స్1ను అణచి ఉంచుతోంది. పీ300 అనే ఎంజైము ఎసిటైల్ గుర్తులతో కాలేయ జన్యువులకు ఊతమిస్తోంది. ఈజెడ్‌హెచ్2ను తొలగించినప్పుడు పొట్టవైపు క్లోమపు మొగ్గలో కణాలు పెరిగాయి, కాలేయం వైపు వెళ్లేవి తగ్గాయి. ఒక్క ఎంజైము లేకపోతేనే రెండు అవయవాల మధ్య వాటా మారిపోయింది.

మొగ్గ వేసిన తర్వాతా ఈ గుర్తుల అవసరం తీరదు. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను కాపాడే డీఎన్ఎంటీ1 ఎంజైమును క్లోమపు తొలి కణాల నుంచి తీసేస్తే ఆ కణాలు చనిపోతాయని, గ్రంథి నిలవదని 2013లో ఎలుకల్లో తేలింది. దానికి రెండేళ్ల ముందే సంగీతా ధావన్, అనిల్ భూషణ్‌ల బృందం ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల నుంచి ఇదే ఎంజైమును తొలగించి చూసింది. అంతవరకూ మూగగా ఉన్న ఏఆర్‌ఎక్స్ అనే జన్యువు మేలుకుంది. బీటా కణాలు గ్లూకగాన్ అనే హార్మోను తయారుచేసే ఆల్ఫా కణాలుగా మారిపోయాయి. బీటా కణం బీటా కణంగా మిగలడానికి కూడా ఆ గుర్తు చెక్కుచెదరకుండా ఉండాలి.

గర్భంలో పోషణ తగ్గితే

గుర్తులు చెదిరితే మధుమేహం వస్తుందనడానికి మనుషుల్లో అరుదైన ఉదాహరణ ఆరో క్రోమోజోము మీద ఉంది. పీఎల్ఏజీఎల్1 జన్యువులో తల్లి నుంచి వచ్చిన ప్రతి, మిథైల్ గుర్తుతో మూగగా ఉంటుంది, తండ్రి ప్రతి మాత్రమే పని చేస్తుంది. తల్లి ప్రతి మీది గుర్తు చెరిగిపోతే రెండూ పని చేస్తాయి. అలాంటి శిశువుకు పుట్టిన కొద్ది వారాల్లోనే మధుమేహం కనిపిస్తుంది. కొన్ని నెలల్లో తగ్గినా, చాలామందిలో కౌమారంలోనో ఆ తర్వాతో తిరగబెడుతుంది.

అంతకన్నా విస్తృతమైన సమస్యను రెబెక్కా సిమన్స్ బృందం 2008లో చూపింది. చూలు ఎలుకల్లో గర్భాశయానికి రక్తం తీసుకెళ్లే నాళాలను కట్టి, పిండాలకు పోషణ తగ్గించారు. తక్కువ బరువుతో పుట్టిన ఆ పిల్లలకు పెద్దయ్యాక మధుమేహం వచ్చింది. పీడీఎక్స్1 మీది మార్పులు మెట్టుమెట్టుగా జరిగాయి. గర్భంలోనే ఎసిటైల్ గుర్తులు ఊడిపోయాయి. పుట్టాక, జన్యువును అణచే మిథైల్ గుర్తులు హిస్టోన్ల మీదికి వచ్చాయి. చివరికి పెద్ద ఎలుకల్లో డీఎన్‌ఏకే మిథైల్ గుంపులు అంటుకుని జన్యువు మూసుకుపోయింది. పసికందు దశలో ఎక్సెండిన్-4 అనే మందు ఇస్తే ఆ పరిణామం ఆగింది. తొలి రోజుల్లో సరిదిద్దే వీలున్నది, తర్వాత గట్టిపడిపోతోంది.

ఎలుకల్లో తేలినదంతా మనుషులకు అలాగే వర్తిస్తుందని అనలేం. బతికున్న బిడ్డ క్లోమం నుంచి కణాలు తీసి చూడటమూ కుదరదు. అయినా మన దేశంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. పుణే పరిసర గ్రామాల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూసిన నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, బ్రిటన్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణే బిడ్డల్లో కండ తగ్గినంతగా చర్మం కింది కొవ్వు తగ్గలేదు. పైగా శరీరంలో మిథైల్ గుంపుల సరఫరాకు ఫోలేట్, బి12 విటమిన్లు కావాలి. పుణే తల్లుల్లో చాలామందికి బి12 లోపం ఉంది. పిల్లలకు బి12 ఇచ్చినప్పుడు మధుమేహంతో ముడిపడిన కొన్ని జన్యువుల మీది మిథైల్ గుర్తులు మారాయని హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బృందం 2018లో ప్రకటించింది.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే మధుమేహ నివారణ గర్భిణి కంచం దగ్గరే, ఇంకా చెప్పాలంటే ఆమె గర్భం దాల్చకముందే మొదలుకావాలి. ప్రసవమైన చోట కార్డు మీద రాసిచ్చే బిడ్డ బరువును తల్లిదండ్రులు భద్రంగా దాచాలి. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినవారు ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పాలి. మధుమేహ రోగి వివరాలు రాసుకునేటప్పుడు డాక్టర్లూ పుట్టినప్పటి బరువును అడిగి నమోదు చేయాలి.