రిఫరెన్సులు ఎవరి సొత్తు?

పరిశోధన మొదలుపెట్టినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎండ్‌నోటా, మెండెలీయా, జొటేరోనా... ఏది వాడాలి?" అని. సాఫ్టువేరువాణ్ణి కదా, నా దగ్గర ఫీచర్ల పట్టికేదో ఉంటుందని వాళ్ళ నమ్మకం. పట్టిక లేదుగానీ ఒక కోర్టు తగాదా కథ ఉంది. అది వింటే ఏం చూసి ఎంచుకోవాలో తేలుతుందని నా అభిప్రాయం.

ముందు వీటి పనేమిటో చూద్దాం. థీసిసు రాసేవాళ్ళ దగ్గర వందలకొద్దీ వ్యాసాలు పోగవుతాయి. ఒక పత్రిక రచయిత పేరు, సంవత్సరం కావాలంటుంది. ఇంకోటి బ్రాకెట్లో అంకె వేస్తే చాలంటుంది. మొదటి పత్రిక మీ వ్యాసాన్ని తిప్పికొట్టిందనుకోండి, రెండోదానికి పంపేముందు ఎనభై రిఫరెన్సుల్లో కామాలూ చుక్కలూ అన్నీ సర్దుకోవాలి. అందుకని సమాచారం ఒకచోట, దాన్ని అచ్చులో చూపించే తీరు ఇంకోచోట ఉంటే హాయి. ఈ తీరునే స్టైల్ అంటారు. గొడవంతా దీనిమీదే వచ్చింది.

1978 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ అనే ఆయన యూనిక్స్ కోసం రిఫర్ అని ఒక ప్రోగ్రాం రాశాడు. అందులో రిఫరెన్సంటే మామూలు టెక్స్ట్ ఫైల్లో నాలుగైదు లైన్లు. శాతం గుర్తు పక్కన ఏ అక్షరం ఉంటే రచయిత, టీ ఉంటే శీర్షిక, అంతే సంగతులు. 1985లో ఓరెన్ పటాష్నిక్, లెస్లీ లాంపోర్ట్ కలిసి లేటెక్ కోసం బిబ్‌టెక్ తెచ్చారు. అదీ టెక్స్ట్ ఫైలే. లెక్కలవాళ్ళూ కంప్యూటర్లవాళ్ళూ ఆ ఫైళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు కాబట్టి వాటిని ఎవరూ తాళం వేసి ఉంచలేరు.

వర్డులో రాసుకునే మిగతా జనానికి 1980ల్లో పీసీలతోపాటు అంగడి సరుకు వచ్చింది. రిఫరెన్స్ మేనేజర్, ప్రోసైట్, ఎండ్‌నోట్. మూడు వేరువేరు కంపెనీలు పోటీపడి అమ్మినవి. 2000 దాటేసరికి మూడూ థామ్సన్ అనే ఒక్క కంపెనీ గూటికే చేరాయి. పోటీ అక్కడితో సరి!

అప్పుడు రంగంలోకి దిగినవాళ్ళు ఇంజనీర్లు కాదు, చరిత్రకారులు. వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రాయ్ రోజెన్‌జ్వైగ్ అనే చరిత్ర ప్రొఫెసర్ 1994లో పెట్టిన కేంద్రం ఒకటుంది. అక్కడివాళ్ళు 2006లో జొటేరో విడుదల చేశారు. ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునే చిన్న పరికరం. లైబ్రరీ పేజీ తెరిచి ఒక్క నొక్కు నొక్కితే పుస్తకం వివరాలన్నీ మీ దగ్గరికొచ్చేస్తాయి. పైగా ఉచితం, సోర్సుకోడు కూడా బాహాటం.

అయితే స్టైళ్ళు ఎండ్‌నోట్ దగ్గర వేలల్లో ఉన్నాయి, జొటేరో దగ్గర చాలా తక్కువ. ఎండ్‌నోట్ స్టైల్ ఫైళ్ళను జొటేరోనే చదువుకునేలా 2008లో ఒక సౌకర్యం పెట్టారు. ఇంకేముంది, అప్పటికి థామ్సన్ రాయిటర్స్‌గా మారిన కంపెనీ ఆ సెప్టెంబరులో రిచ్‌మండ్ కోర్టులో దావా వేసింది. విశ్వవిద్యాలయం ఎండ్‌నోట్ కొన్నప్పుడు, దాని లోపలి గుట్టు విప్పి చూడబోమని లైసెన్సులో ఒప్పుకుంది కదా, ఆ మాట తప్పారని ఆరోపణ. నష్టపరిహారం ఏడాదికి కోటి డాలర్లు! ఉచితంగా ఇచ్చే సాఫ్టువేరు మీద!!

కంపెనీ వాదనని కొట్టిపారెయ్యను. డబ్బు పెట్టి తయారుచేసిన సరుకు, సంతకం పెట్టిన ఒప్పందం... ఇవి ఉత్తుత్తి మాటలు కావు. కానీ ఎక్కడ కామా పెట్టాలి, ఏది ఇటాలిక్స్‌లో వెయ్యాలి అన్నది ఆయా పత్రికలు పెట్టుకున్న నియమం. పైగా ఎండ్‌నోట్‌లో స్టైల్ ఫైలు తయారుచేసుకునే వీలు వాడుకరులకే ఉంది. ఒక విద్యార్థి కూర్చుని రాసుకున్న స్టైలు, అతని సొంత ఫైలు, వేరే ప్రోగ్రాంలో తెరవకూడదంటే ఎలా? విశ్వవిద్యాలయం బెదరలేదు. ఎండ్‌నోట్ లైసెన్సు మళ్ళీ తీసుకోమని తేల్చిచెప్పి జొటేరో పని కొనసాగించింది. 2009 జూన్ 4న కోర్టు దావా కొట్టేసింది. రోజెన్‌జ్వైగ్ మాత్రం ఇదంతా చూడలేదు, 2007లోనే పోయాడు.

అసలు ముచ్చట ఇంకోటి. ఆ కోర్టు గొడవతో పనిలేకుండా, బ్రూస్ డార్కస్ అనే భూగోళశాస్త్ర ప్రొఫెసరు స్టైళ్ళు రాయడానికి సి.ఎస్.ఎల్. అని ఒక బహిరంగ భాష మొదలుపెట్టి ఉన్నాడు. జొటేరో దాన్నే పట్టుకుంది. వాడుకరులు తలా ఒకటి రాస్తూపోగా ఇవాళ అందులో పదివేల పైచిలుకు స్టైళ్ళున్నాయి. మెండెలీ కూడా వాటినే వాడుతుంది. అంటే ఎవరి స్టైళ్ళ కోసం అంత రగడ జరిగిందో వాటి అవసరమే లేకుండా పోయిందన్నమాట :)

మెండెలీ కథ పొట్టిది. లండన్‌లో కుర్రాళ్ళు పెట్టిన కంపెనీ, 2013లో ఎల్సెవియర్ కొనేసింది. 2018లో మన కంప్యూటర్లోనే ఉండే డేటాబేసుని చదవడానికి వీల్లేకుండా ఎన్‌క్రిప్ట్ చేసింది. భద్రత కోసమని వాళ్ళన్నారు. బయటికి పోయే దారి ఇరుకైందని జొటేరోవాళ్ళన్నారు. నేను రెండోవాళ్ళ పక్షం.

ఒక సిస్టం నుంచి ఇంకోదానికి డేటా తరలించడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పని. అందుకే నా కొలబద్ద వేరు. ఏ సాఫ్టువేరైనా ముందు ఓ పది రిఫరెన్సులు ఎక్కించండి, నోట్సు రాయండి, ఫోల్డర్లు చెయ్యండి, పీడీఎఫ్ మీద రంగు గీతలు పెట్టండి. తర్వాత అన్నిటినీ బయటికి తీసి వేరే ప్రోగ్రాంలో తెరవండి. రచయితా శీర్షికా క్షేమంగానే వస్తాయి. ఫోల్డర్లూ గీతలూ చాలాసార్లు దారిలో జారిపోతాయి. ఏవి జారిపోతే మీరు ఓర్చుకోలేరో చూసుకుని ఎంచుకోండి. నన్నడిగితే వర్డువాళ్ళకి జొటేరో, లేటెక్‌వాళ్ళకి బిబ్‌టెక్ ఫైలూ దాన్ని చూసుకోడానికి జాబ్‌రెఫ్.

తెలుగు పేర్లతో ఇంకో తిప్పలుంది. కామా లేకపోతే బిబ్‌టెక్ చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది. మన ఇంటిపేరేమో ముందుంటుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని ప్రపంచమంతా రావు గానే ఉటంకిస్తుంది, క్రామర్-రావు అసమానత అని పేరు కూడా స్థిరపడిపోయింది. ఆయన విషయంలో ఇక మార్చేదేం లేదు. మీ జాబితాలో ఉన్న రావులూ రెడ్డులూ మాత్రం ఒకరితో ఒకరు కలిసిపోకుండా, ఆ రచయిత అచ్చులో పేరెలా వేసుకున్నారో చూసి కామా పెట్టండి.

గైడుగారు ఎండ్‌నోటే వాడమంటే వాడండి, ఆయనతో పేచీ పెట్టుకోవద్దు. నెలకోసారి మొత్తం జాబితాని ఆర్.ఐ.ఎస్. ఫైలుగా తీసి దాచుకోండి. ఆర్.ఐ.ఎస్. అంటే రీసెర్చ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఆ రిఫరెన్స్ మేనేజర్‌ని చేసిన కంపెనీ పేరు. కంపెనీ థామ్సన్‌లో కలిసిపోయింది, రిఫరెన్స్ మేనేజర్ అమ్మకం 2015తో ఆగిపోయింది. ఆ టెక్స్ట్ ఫైలుని మాత్రం జర్నల్ వెబ్‌సైట్లు ఈరోజుకీ ఇస్తున్నాయి.