లారెన్స్ జౌళి కార్మికుల సమ్మె (1912)

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, మెరిమాక్ నది ఒడ్డునున్న లారెన్స్ పట్టణంలో ఉన్ని, నూలు మిల్లుల కార్మికులు 1912 జనవరి నుంచి మార్చి వరకు సాగించిన సమ్మె. అక్కడి మిల్లు యజమానుల్లో పెద్దది అమెరికన్ ఊలెన్ కంపెనీ; దాని అధ్యక్షుడు విలియం వుడ్.

స్త్రీలకు, 18 ఏళ్లలోపు వారికి వారపు పనిగంటలను 56 నుంచి 54కు తగ్గించిన రాష్ట్ర చట్టం ఆ జనవరి 1న అమల్లోకి వచ్చింది. యాజమాన్యాలు ఆ మేరకు కూలి కోశాయి. కోత వారానికి సుమారు 32 సెంట్లు. సగటు వారపు కూలి 9 డాలర్లకు లోపే ఉన్న ఇళ్లలో అది తిండిలో కోతే.

జనవరి 11న ఎవరెట్ మిల్లులో పోలిష్ స్త్రీలు జీతం తక్కువ రావడం చూసి మగ్గాలు ఆపి బయటికి నడిచారు. సమ్మె మిగతా మిల్లులకు పాకింది మర్నాడు గనుక 12నే ఆరంభంగా రాసేవారున్నారు. మొదట మగ్గం ఆపిన రోజునే లెక్కించడం న్యాయం. సమ్మె చేసినవారు 20,000కు పైనే అన్నది ఎక్కువమంది అంగీకరించే అంచనా.

నైపుణ్యం గల పనివారే ప్రధానంగా ఉన్న యునైటెడ్ టెక్స్‌టైల్ వర్కర్స్ సంఘం సమ్మెను వ్యతిరేకించింది. ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్ (ఐ.డబ్ల్యు.డబ్ల్యు.) తరఫున జోసెఫ్ ఎట్టర్, ఆర్టురో జొవానిట్టి వచ్చి, ఒక్కో జాతి నుంచి ప్రతినిధులను తీసుకుని సమ్మె కమిటీ కట్టారు. ఉపన్యాసాలను పలు భాషల్లోకి అనువదించేవారు. మిల్లు ముందు గుమిగూడితే పోలీసులు అడ్డుకుంటారని వేలాదిమంది మిల్లుల చుట్టూ ఆగకుండా నడుస్తూనే పికెటింగ్ చేశారు.

జనవరి 29న అన్నా లోపిజో అనే కార్మికురాలు తుపాకీ గుండుకు బలైంది. గుండు పోలీసుదేనని సమ్మెదారులు, కాదని పోలీసులు వాదించారు. ఘటన జరిగిన చోటుకు దూరంగా ఉన్న ఎట్టర్‌, జొవానిట్టిలపైనే హత్యకు ప్రేరేపించారన్న నేరం మోపారు. నవంబరులో జ్యూరీ వారిని, సహనిందితుడు జోసెఫ్ కరూసోను నిర్దోషులుగా తేల్చింది. సమ్మె రోజుల్లో ఊరిలో డైనమైట్ దొరికింది; అదీ సమ్మెదారులది కాదు. అది పెట్టించినందుకు స్థానిక ప్రముఖుడు జాన్ బ్రీన్‌కు 500 డాలర్ల జరిమానా పడింది. ఆ కుట్ర కేసులోనే నిందితుడైన వుడ్ 1913లో నిర్దోషిగా బయటపడ్డాడు.

సమ్మెదారులు తమ పిల్లలను ఇతర నగరాల్లోని సానుభూతిపరుల ఇళ్లకు పంపసాగారు. ఫిబ్రవరి 24న ఫిలడెల్ఫియా రైలెక్కబోతున్న పిల్లలను, తల్లులను పోలీసులు స్టేషన్‌లోనే కొట్టి ఈడ్చుకెళ్లారు. సమ్మెను మలుపు తిప్పినది ఈ దుర్మార్గమే. మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ సమ్మెపై విచారణ జరిపింది. యంత్రంలో జుట్టు చిక్కి నెత్తి చర్మం ఊడిన కమెలా టియోలీ అనే బాలిక అక్కడ సాక్ష్యం చెప్పింది.

మార్చి 12న కంపెనీ దిగివచ్చింది, 14న సమ్మె ముగిసింది. కూలి పెంపులో పెద్ద వాటా అతి తక్కువ జీతగాళ్లకు దక్కింది.

దీనికి ‘బ్రెడ్ అండ్ రోజెస్’ సమ్మె అనే పేరు తర్వాత స్థిరపడింది. ఆ మాటలున్న బ్యానర్లను స్త్రీలు పట్టుకున్నారన్న కథకు సమకాలీన ఆధారం బలహీనం. జేమ్స్ ఓపెన్‌హైమ్ ఆ శీర్షికతో రాసిన కవిత 1911 డిసెంబరులోనే, అంటే సమ్మెకు ముందే, అచ్చయింది.

ఐ.డబ్ల్యు.డబ్ల్యు. స్థానిక శాఖలో వేలల్లో ఉన్న సభ్యత్వం 1913 నాటికి వందలకు పడిపోయింది. అయినా 1912లోనే న్యూ ఇంగ్లండ్‌లోని ఇతర మిల్లులు సైతం సమ్మెకు భయపడి కూలి పెంచాయి. ఈ పోరాటం గెలుపును సంఘం ఆయుష్షుతో కొలవడం తప్పు.