హార్ట్ రేట్ మానిటర్లు: కేలరీల లెక్కలో కచ్చితత్వం

గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచి, దాని ఆధారంగా వ్యాయామంలో ఖర్చయిన శక్తిని అంచనా వేసే పరికరాలు హార్ట్ రేట్ మానిటర్లు. ఛాతీ పట్టీ గుండె విద్యుత్ సంకేతాలను పసిగడుతుంది. చేతి వాచీలు ఎక్కువగా చర్మంలోకి పచ్చని కాంతిని పంపి, రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి నాడిని లెక్కిస్తాయి.

ఇవేవీ కేలరీలను నేరుగా కొలవవు. కొనేవారికి ముందే చెప్పాల్సిన మాట ఇది. శరీరం ఒక లీటరు ఆక్సిజన్ వాడుకుంటే సుమారు 5 కిలోకేలరీలు ఖర్చవుతాయి. నడక, పరుగు, సైకిల్ తొక్కడం వంటి నిలకడైన శ్రమలో ఆక్సిజన్ వాడకంతోపాటే గుండె వేగమూ పెరుగుతుంది. దానికి వయసు, బరువు, లింగం జోడించి సూత్రం కడతారు. కానీ ఎండ వేడికీ, ఆందోళనకూ గుండె వేగం పెరిగినప్పుడు శక్తి ఖర్చు అదే లెక్కన పెరగదు. బరువులెత్తేటప్పుడూ అంచనా గాడి తప్పుతుంది. బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి కనుక, అవి వాడేవారికి మామూలు సూత్రం పనికిరాదు.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందిపై ఏడు చేతి పరికరాలను పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం కొలతలో తేడా 5 శాతం లోపే ఉంది. కేలరీల లెక్కలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం, అధమమైనది 93 శాతం తప్పింది. పోలికకు వాడిన ప్రమాణం, ఊపిరిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌ల కొలత.