డప్పు మోత నుంచి ఫోన్ మోత దాకా

ఈసారి పంట గురించి కాదు, కబురు గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి నా ఎకరంన్నర వరి కోసి పనల మీద ఉంది. తుఫాను సంగతి టీవీలో విన్నాను గానీ, చెన్నై, నెల్లూరు వైపు అంటున్నారులే అనుకున్నాను. మా మండలంలో వాన ఎప్పుడు పట్టుకుంటుందో, కోసినదాన్ని ఎప్పటిలోగా కుప్ప వేసుకోవాలో చెప్పే మెసేజ్ రెండు రోజుల ముందే మా రైతుల గ్రూపులో వచ్చింది. నేను చూడలేదు. పొద్దున లేస్తే శుభోదయం బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, రాజకీయాల కొట్లాట. టింగు టింగుమని చెవులు పోతుంటే ఆ గ్రూపు మోత ఆపేసి పెట్టుకున్నాను. పనలు నీళ్లలో నాని మొలకలొచ్చాక తీరిగ్గా చూసుకున్నాను. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. కబురు పంపడం వేరు, అందడం వేరు. మన కోస్తా చరిత్ర నిండా ఇదే కథ.

మా చిన్నప్పుడు ఊళ్లో ఏం చెప్పాలన్నా చాటింపే. కాలవకు నీళ్లు వదిలినా, శిస్తు కట్టమన్నా, టీకాలవాళ్లు వచ్చినా మునసబు గారు చెబితే వెట్టి పెద్దాయన డప్పు తీసుకుని బయల్దేరేవాడు. ప్రతి వీధి మొదట్లో ఆగి నాలుగు దెబ్బలు కొట్టి, “ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా...” అని అందుకునేవాడు. ఆడవాళ్లు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి “ఏంటంట? ఎప్పుడంట?” అని అడిగితే మళ్లీ చెప్పేవాడు. అర్థమయ్యేదాకా చెప్పి ముందుకి కదిలేవాడు. ఉత్తినే డప్పు మోగదు కాబట్టి మోగిందంటే ఏదో ఉందని అందరికీ తెలుసు. ఆయనకి దక్కేది కళ్లంలో కొలిచే మేర గింజలు. ఊరందరికీ కబురు చేర్చిన ఆయన్ని మాత్రం ఊరి బయటే ఉంచాం, పిల్లలం కూడా పేరు పెట్టి ఏకవచనంతోనే పిలిచేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక తుఫాను కబురు సంగతి. 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడి సుమారు 30 వేల మంది పోయారు. దానికి నెల ముందే కలకత్తాలోనూ పెద్ద తుఫాను వచ్చి వేలమందిని మింగింది. దాని తర్వాతే, 1865లో, కలకత్తా రేవులో తుఫాను హెచ్చరిక ఏర్పాటు చేశారు. 1875లో వాతావరణ శాఖ పుట్టింది. రేవులో కొయ్య నాటి, పగలు నల్లటి బుట్టల్లాంటివి, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు కట్టేవారు. ఇప్పటికీ మనం పేపర్లో చదివే “మచిలీపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక” ఆ వరసలోదే. ఈ నంబర్లు 11 దాకా ఉన్నాయి. 10 అంటే మహా ప్రమాదం. మరి 11 అంటే? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అంటే కబురు రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని ఆనాడే లెక్క కట్టారు.

అయితే ఒకటి గమనించండి. ఆ గుర్తులు ఓడలకోసం పెట్టినవి. రేవులో ఉన్న నావికుడికి కనపడతాయి. పది మైళ్ల అవతల లంకలో పశువులు కాసుకునేవాడికి కనపడవు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాది తీరానికి దూరం కాబట్టి ఇంటి కప్పు పోవడంతో సరిపోయింది. ఆ తుఫాను మొదట పడమరగా కదిలి, తర్వాత ఉత్తరానికి మళ్లింది. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్ల పేర్లు వింటే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని దివిసీమ వాళ్లు అంటారు.

హెచ్చరిక లేక కాదు. వాతావరణ శాఖ చెప్పింది, రేడియోలో వచ్చింది. కానీ అప్పుడు ట్రాన్సిస్టర్ ఎంతమందికి ఉంది? మా వీధి మొత్తానికి ఒకటే. టెలిగ్రాం తాలూకా ఆఫీసుకు చేరితే అక్కడినుంచి మునసబుకు, మునసబు నుంచి డప్పుకు రావాలి. హోరుగాలిలో డప్పు ఎవరికి వినపడుతుంది? విన్నవాళ్లు కూడా “ఏటా వచ్చే గాలివానేగా” అనుకున్నారని మా నాన్న చెప్పేవారు. “అటువైపు అంటున్నారులే” అని నేను 2023లో అనుకున్నట్టే.

ఆ దెబ్బతో పద్ధతులు మారాయి. 1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లింది. దాని సాయంతో తీరం వెంబడి హెచ్చరిక యంత్రాలు పెట్టారు. వాటిలో గొప్పతనం ఏంటంటే, ఏ జిల్లాకు ప్రమాదమో ఆ జిల్లా యంత్రాలనే లేపగలవు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత స్థానిక భాషలో మాట వినిపిస్తుంది. ఆలోచిస్తే పెద్దాయన డప్పు పద్ధతే. ముందు మోత, తర్వాత మాట, అదీ అవసరమైన వీధిలోనే.

1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెను తుఫాను తీరం దాటింది. ఈసారి 5 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. దాదాపు వెయ్యి మంది పోయారు. అది చిన్న సంఖ్య కాదు, కానీ 1977తో పోల్చి చూడండి. యంత్రం ఒక్కటే కాదు, అధికారులు, ఊరి కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి లేపారు. పైగా దివిసీమను కళ్లారా చూసిన జనం కాబట్టి చెప్పగానే కదిలారు.

1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డప్పుడు మళ్లీ వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో వేటకెళ్లిన మత్స్యకారులు చాలామంది. ఒడ్డున ఎన్ని సైరన్లు మోగినా నడి సముద్రంలో ఉన్న పడవకు ఏం వినపడుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చేసరికి అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ముందస్తు కబురు బాగానే అందింది. తీరా గాలి వచ్చాక విశాఖలో టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. ఆ పాత 11వ నంబరు గుర్తుకొచ్చింది నాకు.

2023లో మన ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగి పరీక్ష మెసేజ్ వచ్చింది, గుర్తుందా? చాలామంది హడలిపోయారు. దానికి మన నంబరుతో పనిలేదు. ఆ టవర్ కింద ఉన్న, ఆ సౌకర్యం ఉన్న ఫోన్లన్నిటికీ ఒకే దెబ్బకు వెళుతుంది. మంచి ఏర్పాటే. కానీ మా ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల చేతిలో ఉన్నది బొత్తాల ఫోను, అది కూడా సగం రోజులు చార్జింగ్ లేకుండా. చదవడం రానివాళ్లకు తెరమీద అక్షరాలు ఏం చెబుతాయి?

నూటయాభై ఏళ్లలో బుట్టలు పోయి ఉపగ్రహం వచ్చింది. ఒకప్పుడు కబురు రాక జనం పోయారు, ఇప్పుడు వందల కబుర్ల కింద అసలు కబురు కప్పడిపోతోంది. ఉత్తినే మోగని డప్పుకు విలువ ఉండేది. ఆ విలువ మన గ్రూపుల్లో మనమే పోగొట్టుకున్నాం.

అందుకే ఈ ఏడాది మా ఊరి రైతులం ఒక చిన్న పని చేశాం. వాన, తుఫాను, కాలవ నీళ్ల కబుర్లకు విడిగా ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో శుభోదయాలు నిషేధం. ఇద్దరే మెసేజ్ పెడతారు. ఇంకోటి, వీధికొక కుర్రాడు ఫోన్ లేని ఇళ్లకు స్వయంగా వెళ్లి చెప్పి రావాలి. చెప్పి రావడమే కాదు, అర్థమైందో లేదో అడిగి రావాలి.

మీ ఊళ్లో చాటింపు వేసిన పెద్దలు గుర్తుంటే వాళ్ల గురించి నాలుగు మాటలు రాయండి. ఈసారి గౌరవంగా, గారు అని రాద్దాం.