మీంజూరు బావులు చెప్పే కథ

పులికాట్ అనగానే చరిత్ర చదువుకున్నవాళ్లకు డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోట గుర్తొస్తుంది. పిల్లలకైతే ఫ్లెమింగో పక్షులు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో కాపురం చేసే ఆడవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది మంచినీళ్లే. కళ్లెదుట అంత సరస్సు ఉంటుంది, గొంతు తడుపుకోవడానికి పనికిరాదు.

మరి పాతకాలం వాళ్లు ఎలా బతికారు? మన కోస్తా ఇసక నేలల్లో దొరువులు తవ్వేవాళ్లు. దొరువంటే లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గుంట. వాననీళ్లు ఇసకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ నిలుస్తాయి. ఉప్పునీళ్లు బరువు, వాననీళ్లు తేలిక. ఆ పైపొరను కదలకుండా తోడుకోవాలి. మా అత్తగారు చిన్నప్పుడు దొరువులో ముంత ముంచితే వాళ్ల అమ్మమ్మ "అడుగు కదిలించొద్దే, ఉప్పు లేస్తుంది" అని కేకలేసేదట.

ఆ అమ్మమ్మ మాటలో పెద్ద శాస్త్రమే ఉందండీ. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీళ్లు ఉంటే, మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయి. పైన ఆ ఒక్క అడుగూ తోడేశామా, కింద ఉప్పునీళ్లు అంత పైకీ ఎగబాకుతాయి.

సరస్సుకు దక్షిణాన, తమిళనాడు వైపు మీంజూరులో సరిగ్గా ఇదే జరిగింది. 1960లలో మద్రాసు దాహం తీర్చడానికి అక్కడ లోతైన బావులు వేసి నీళ్లు తోడారు. రైతులూ తోడారు. 1969 నాటికే సముద్రపు నీరు భూమి లోపల కొన్ని కిలోమీటర్లు జొరబడినట్టు తేలింది. తోడడం ఆపగానే వెనక్కి పోయే ఉప్పు కాదది. చివరికి 2010లో అదే మీంజూరు పక్కన సముద్రపు నీటిని శుద్ధి చేసి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్లు తీసే కర్మాగారం పెట్టాల్సి వచ్చింది. ఉచితంగా దొరికిన వాననీళ్లు కాపాడుకోలేక, కరెంటు ఖర్చుపెట్టి సముద్రాన్ని తాగుతున్నామన్నమాట.

ఈ మధ్యలో కృష్ణమ్మ కూడా బయల్దేరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు మద్రాసుకు ఇవ్వడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ సంతకాలతో తెలుగుగంగ పనులు కదిలాయి. 15 టీఎంసీల్లో 3 దారిలో ఆవిరికీ ఇంకుడుకీ పోతాయని ముందే లెక్క వేసుకున్నారు. 1996లో నీళ్లు పూండి చేరాయి గానీ, గట్లు తెగి, మట్టిలో ఇంకి, సగం దారిలోనే చాలా నష్టమయ్యేవి. సత్యసాయి ట్రస్టు డబ్బుతో కండలేరు కాలువను బాగుచేసి లైనింగ్ వేశాక, 2004 నుంచి పరిస్థితి మెరుగైంది. కొత్త నీళ్లు తేవడం ఎంత ముఖ్యమో, ఉన్నవి కారిపోకుండా చూడడం అంతే ముఖ్యం.

వాడుకునేవాళ్ల వంతు కూడా ఉంది కదా. కరువు ముంచుకొచ్చిన 2003లో చెన్నైలో ప్రతి భవనానికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మేడ మీద పడ్డ వాన బావిలోకో భూమిలోకో వెళ్లాలి. తర్వాత మంచి వానలు పడ్డ ఏళ్లలో చాలా బావులు నిండాయి. పైపులు శుభ్రం చెయ్యకుండా వదిలేసిన ఇళ్లలో అవి అలంకారంగా మిగిలాయి. 2019లో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. చట్టం పైపు పెట్టిస్తుంది, ఏటా వానలకు ముందు అందులో ఆకులు తియ్యాల్సింది మాత్రం మనమే.

మన వైపూ చట్టాలు లేకపోలేదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరు వెయ్యాలంటే అనుమతి కావాలి. అంతకు ముందు, 1996లోనే పులికాట్ చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

అసలు కిటుకు ఇంట్లోనే ఉంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు కట్టెయ్యకపోతే మనం తోడుతున్నది ఆ పైపొరనే. వాకిట్లో ఒక ఇంకుడు గుంత తవ్వి వాననీళ్లు దానిలోకి మళ్లిస్తే, ఆ పొరకు కొంత తిరిగి ఇచ్చినవాళ్లమవుతాం. మీంజూరు బావులు ఒకప్పుడు మనవాటిలాగే తియ్యగా ఉండేవి. ఆ మాట మన బావుల గురించి మన మనవలు చెప్పుకోకూడదు.